విడిపోయిన వత్తులు

ఉప్పల్ రింగ్‌రోడ్డు దాటి హబ్సిగూడ వైపు వెళ్తుంటే ఎడంపక్క ఒక వరస దుకాణాలు ఉన్నాయి. మొబైల్ రిపేరు, కర్రీ పాయింటు, జిరాక్సు, వాటి మధ్య ఇరుక్కుని త్రిమూర్తులు డీటీపీ సెంటరు. మెట్రో స్తంభాలు లేచాక దుకాణంలోకి ఎండ రావడం మానేసింది గానీ గిరాకీ రావడం మానలేదు. పెళ్లి పత్రికలు, అపార్ట్‌మెంటు నోటీసులు, సంతాప కార్డులు, స్కూలు సంచికలు, తెలుగులో అచ్చు కావలసింది ఏదైనా ఆ చుట్టుపక్కల జనం అతని దగ్గరికే తెచ్చేవారు.

త్రిమూర్తులుది తణుకు దగ్గర ఓ పల్లె. ఇంటర్ తప్పి, మేనమామ వెంట హైదరాబాదు వచ్చి, చిక్కడపల్లిలో ఒక ప్రెస్సులో చేరాడు. అప్పటికి సీసం అక్షరాలు మూలన పడుతున్నాయి, కంప్యూటర్లు కొత్తగా దిగుతున్నాయి. ఆ రోజుల్లో కంప్యూటర్లో తెలుగు కొట్టడమంటే అక్షరాన్ని ముక్కలుగా పేర్చుకోవడమే. ఒక మీట నొక్కితే తలకట్టు, ఇంకోటి నొక్కితే గుడి, మరోటి నొక్కితే కింద వత్తు. ఏ వత్తు ఏ మీట వెనక దాక్కుందో అతని వేళ్లకి కంఠతా వచ్చేసింది. వత్తు వెంట్రుకవాసి పక్కకి జరిగినా అతని కంటికి ఇట్టే ఆనేది. త్రిమూర్తులు చేసిన పనికి ప్రూఫు చూడక్కర్లేదని పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

స్వర్ణలత అతని దగ్గర పనికి చేరింది ఆ పేరు విని. జనగామ వైపు పిల్ల. నాచారంలో కాపురం. భర్త బాలరాజు ఇండస్ట్రియల్ ఏరియాలో ఇనుప పోత పనికి వెళ్తాడు. చేరిన రోజు త్రిమూర్తులు ఒక పాత వ్యాసం చేతికిచ్చి కొట్టమన్నాడు. ఆమె కొట్టి, లేచి పక్కన నిలబడింది. అతను కాగితం మీద వేలు పెట్టి వరస వరసా చదివి, "ఎవరమ్మా నీకు తెలుగు నేర్పింది?" అన్నాడు.

"మా ఊరి బడిలనే అన్నా. వత్తు మరిస్తే మా సార్ ఆ మాటను బోర్డంతా రాయించేటోడు," అని నవ్వింది.

రెండేళ్లపాటు మధ్యాహ్నాలు వచ్చి, దుకాణంలో రెండో కంప్యూటరు ముందు కూర్చుని, త్రిమూర్తులు పద్ధతిలోనే, ముక్కముక్కా పేర్చి కొట్టింది. అతను నోరారా మెచ్చుకోలేదు గానీ ఆమె కొట్టినవి చదవడం మాత్రం మానేశాడు. అతని దగ్గర అంతకన్నా పెద్ద మెప్పు లేదు. దసరాకి పద్మావతి, అంటే త్రిమూర్తులు భార్య, ఆమెని ఇంటికి పిలిచి జాకెట్టు గుడ్డ పెట్టింది.

ఆ రెండో కంప్యూటరు ఒకనాడు చచ్చిపోయింది. బాగుచేయించడం దండగన్నారు. అప్పుడు స్వర్ణలత, "నేను సెకండ్‌హాండ్ లాప్‌టాప్ కొనుక్కున్న అన్నా. ఇంటికాడనే కొట్టి పంపిస్త," అంది. ఫోన్లలో ఉండే కొత్త పద్ధతి తెలుగు ఆమెకి అప్పటికే అలవాటయింది. మాట ఎలా పలుకుతామో అలా కొట్టుకుపోతే వత్తులూ గుణింతాలూ యంత్రమే కలుపుకుంటుంది. త్రిమూర్తులుకి ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. అయినా సరేనన్నాడు.

అలా ఇంటి దగ్గర కొట్టిన మొదటి పెద్ద పని రామ్మోహనరావు గారిది. ఆయన చిల్కానగర్‌లో ఉండే రిటైరైన తెలుగు పండితుడు. తను పాఠం చెప్పిన బడి పూర్వవిద్యార్థులు సమ్మేళనం పెట్టుకుంటుంటే, ప్రత్యేక సంచిక బాధ్యత నెత్తికెత్తుకున్నారు. స్వర్ణలత రాతప్రతి ఇంటికి తీసుకెళ్లి, కొట్టి, ఫైలు వాట్సాప్‌లో పంపింది. త్రిమూర్తులు దాన్ని తన కంప్యూటర్లో పేజీలు దిద్దే ఎడిటర్ సాఫ్ట్‌వేర్లో తెరిచే వేళకి దుకాణంలో నలుగురు నిలబడి ఉన్నారు. తెరవంక సరిగ్గా చూడకుండానే ప్రింటు ఇచ్చి, కాగితాల కట్టని కవర్లో పెట్టి పండితుడికి పంపేశాడు.

మర్నాడు ఆయన స్వయంగా వచ్చారు. చొక్కా చెమటకి తడిసిపోయింది. కట్టని బల్ల మీద పడేశారు.

"ఇదేం తెలుగయ్యా త్రిమూర్తులూ? ఇది మా విద్యార్థులకి పంచమంటావా?"

త్రిమూర్తులు పై కాగితం చూశాడు. 'విద్యార్థులు' అని ఉండాల్సిన చోట 'విద్‌యార్‌థులు' అని ఉంది. 'కృతజ్ఞతలు' రెండు ముక్కలైంది. పండితుడి పేరే 'రామ్‌మోహనరావు' అయి కూర్చుంది. ఒక్క వత్తూ కింద చేరలేదు. పొల్లులన్నీ నెత్తిమీద కొక్కేల్లా నిలబడి ఉన్నాయి. జిరాక్సు కోసం వచ్చినవాళ్లు కూడా తొంగి చూస్తున్నారు.

ఆ క్షణాన అతనికి తన పేరు తప్ప ఇంకేం గుర్తుకు రాలేదు.

"నేను కొట్టింది కాదండి ఇది. బయట ఒకావిడకిచ్చానండి. ఊరి బళ్లో చదువుకుంది, వత్తులు తెలియవండి ఆవిడకి. నాదే పొరపాటు, చూసుకోకుండా ఇచ్చేశాను."

ఆ మాట నోట్లో ఉండగానే స్వర్ణలత గుమ్మంలోకి వచ్చింది. తర్వాతి పని తీసుకుపోదామని వచ్చింది. విన్నదో లేదో త్రిమూర్తులుకి తెలియలేదు. పండితుడు ఆమె వైపు తిరిగారు.

"నువ్వేనా అమ్మా? వత్తులు రాని వాళ్లకి అచ్చుపని దేనికమ్మా? ఏ కూరగాయలో అమ్ముకోరాదూ?"

స్వర్ణలత కాగితం చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. "నేను గిట్ల కొట్టలే సార్. నా దగ్గర మంచిగనే కనిపించింది," అంది. తర్వాత త్రిమూర్తులు మొహంలోకి చూసింది. ఆ చూపు ఏం అడుగుతోందో అతనికి అర్థమైంది. రెండేళ్లు నా చేతి పని చూశావు కదా, ఒక్క మాట చెప్పవా, అని.

"కనిపించిందంటే సరిపోదమ్మా," అన్నాడు త్రిమూర్తులు. "కాగితం మీద ఏముందో అదే లెక్క."

ఆమె కాగితాన్ని మళ్లీ బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. త్రిమూర్తులు ఆ సంచికంతా తనే పాత పద్ధతిలో తిరిగి కొట్టాడు. సమ్మేళనం బాగా జరిగింది. పండితుడు అతనికి శాలువా కప్పించారు. స్వర్ణలత తర్వాత రాలేదు. అతను రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. కొన్నాళ్లకి ఒక మెసేజ్ మాత్రం వచ్చింది: 'ఇగ నాకు పని పంపకండి అన్నా.' మొహమాటపడుతోంది కాబోలు, తనే సర్దుకుంటుంది అనుకున్నాడు. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేశాడు.

వేసవి పోయి వానలు మొదలయ్యాక, పీర్జాదిగూడ నుంచి ధనశ్రీ అనే టీచరు ఒకామె వచ్చింది. వాళ్ల స్కూలు వార్షికోత్సవానికి కరపత్రం కావాలంది. తనే కొట్టుకొచ్చిన ఫైలు పంపింది. త్రిమూర్తులు తెరిచాడు. తెర మీద మళ్లీ అదే. 'వార్‌షికోత్‌సవం'. వత్తులన్నీ విడిపోయి, పొల్లులు పైకి లేచి.

"వత్తులు పడలేదండి మీకు," అన్నాడు అలవాటుగా.

ధనశ్రీ తెర చూసి, "అదేంటండీ, పడకపోవడమేంటి?" అని తన ఫోను తీసి అదే ఫైలు చూపించింది. ఫోన్లో ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు. ఒక్క వత్తు అటూ ఇటూ లేదు. "మీ కంప్యూటర్లో ఏదో తేడా ఉన్నట్టుందండీ. చూసి ఉంచండి, సాయంత్రం బడి అయ్యాక వస్తాను," అని వెళ్లిపోయింది.

ఆమె స్కూలు టీచరు కాబట్టి, 'వత్తులు తెలియవు ఈవిడకి' అనే మాట ఈసారి అతని నోట రాలేదు. ఆ సంగతి అతనికి అప్పుడు తట్టలేదు. తర్వాత తట్టి, ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ముందు ఫాంటుని అనుమానించాడు. ఇంకో ఫాంటు మార్చాడు. అలాగే ఉంది. మరోటి మార్చాడు. ఈసారి అక్షరాల బదులు ఖాళీ డబ్బాలొచ్చాయి. ఇంటర్నెట్ నుంచి కొత్త ఫాంటు దింపి పెట్టాడు. అక్షరాలు అందంగా వచ్చాయి గానీ వత్తులు కలవలేదు. ఫాంటు కాదనుకుని ఫైలుని అనుమానించాడు. వాట్సాప్‌లో వచ్చేటప్పుడు ఏమైనా పాడైందేమోనని మళ్లీ దింపాడు. అదే వరస. చిరాకేసి, ఫైల్లోని తెలుగునంతా కాపీ చేసి, కంప్యూటర్లో ఊరికే ఉండే నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూశాడు.

అక్షరాలన్నీ కుదురుగా కూర్చున్నాయి. 'వార్షికోత్సవం'. కింద ఉండాల్సినవి కింద, పక్కన ఉండాల్సినవి పక్కన.

త్రిమూర్తులు ఎడిటర్, నోట్‌ప్యాడ్ కిటికీలు రెండింటినీ తెర మీద పక్కపక్కన పెట్టాడు. కంప్యూటరు ఒకటే. ఫాంటు ఒకటే. మాటలు అవే. ఒక కిటికీలో కలిసున్నాయి, ఇంకో కిటికీలో విడిపోయాయి. అంటే తప్పు ఫాంటులో లేదు, ఫైల్లో లేదు. నమ్మబుద్ధి కాక, ఎడిటర్లో ఖాళీ పేజీ తెరిచి, కొత్త పద్ధతిలో తనే ఒక మాట కొట్టాడు. 'విద్య'. తెర మీద 'విద్‌య' అని వచ్చింది. ముప్పై ఏళ్లుగా తెలుగు కొడుతున్న చెయ్యి కొట్టినా అలాగే వచ్చింది.

ఎడిటర్ సెట్టింగులు ఒక్కొక్కటీ తెరుచుకుంటూ పోయాడు. ఎప్పుడూ అటువైపు వెళ్లింది లేదు. అడుగున ఒక చోట, భారతీయ భాషల అక్షరాలు కలపాలా అని అడిగే గడి కనిపించింది. దానికి టిక్కు లేదు. పెట్టాడు. పేజీ ఒక్కసారి కదిలింది. పొల్లులు మాయమై, వత్తులు ఎవరో పిలిచినట్టు వాటి వాటి అక్షరాల కిందకి వెళ్లిపోయాయి.

"అమ్మయ్య!" అని బల్ల చరిచాడు. పక్క కొట్టు కుర్రాళ్లు ఏమైందని చూశారు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఎడిటర్ కొత్తగా వేయించినప్పుడు తన పాత ఫాంట్లలో వత్తుల మధ్య ఎడం వచ్చేసి చికాకు పెట్టింది. ఏదో వెతికి, ఏదో గడిలో టిక్కు తీసేస్తే సర్దుకుంది. ఆ తీసేసింది దీన్నే. ముక్కలు పేర్చే పాత పద్ధతికి ఈ కలిపే పని అడ్డం. కొత్త పద్ధతికి ఇది లేకపోతే అక్షరం కలవదు. ఫాంటులో కలిపే విధానమంతా ఉన్నా, కలపమని ఎడిటర్ అడగాలి. అడగొద్దని తనే దాని నోరు కట్టేశాడు. కట్టేసి మర్చిపోయాడు.

స్వర్ణలత పంపిన ఫైలు ఇంకా కంప్యూటర్లోనే ఉంది. తెరవాలంటే చెయ్యి ఆడలేదు. చివరికి తెరిచాడు.

'విద్యార్థులు'. 'కృతజ్ఞతలు'. 'రామ్మోహనరావు'. పేజీ తర్వాత పేజీ కిందికి జరుపుతూ చూశాడు. ఎక్కడైనా ఒక్క తప్పు దొరికితే బాగుండునని వెతికాడు. ఆమె తప్పు దొరకాలని ఆశపడుతున్నానని తెలిసొచ్చి, సిగ్గుతో తల వంచేసుకున్నాడు. తప్పు దొరకలేదు.

సాయంత్రం ధనశ్రీ వచ్చి, కరపత్రం చూసి, "ఏమైందండీ?" అని అడిగింది. "మా కంప్యూటర్లోనేనండి, చిన్న తేడా," అన్నాడు. చిన్న తేడా అన్న మాట అతని చెవులకే ఎబ్బెట్టుగా వినిపించింది.

వెంటనే వెళ్లి చెప్పెయ్యాలి అనుకున్నాడు. వెళ్లలేదు. ఆమె ఈపాటికి మర్చిపోయి ఉంటుంది, కెలికి ఏం లాభం అనుకున్నాడు. గిరాకీ ఎక్కువగా ఉంది, ఆదివారం చూద్దాం అనుకున్నాడు. ఎడిటర్ తెరిచినప్పుడల్లా ఆ గుమ్మం, ఆ చూపు కళ్లకి కట్టేవి. ఇలా నాన్చుతుండగా పద్మావతి ఒకరోజు నాచారం మార్కెట్టుకెళ్లి వచ్చి, సంచీ దించుతూ అంది:

"స్వర్ణలత కనిపించిందండీ. పాపం, కళ్లద్దాలొచ్చాయి. మందుల కంపెనీలో ప్యాకింగు పనికి పోతోందట. రోజంతా నిలబడే పనట, కాళ్లు వాచిపోయాయి. మన దగ్గర ఎందుకు మానేసిందండీ అసలు?"

"ఏమో, నాకేం తెలుసు," అన్నాడు త్రిమూర్తులు.

ఆ ఆదివారం బండి తీసి నాచారం వెళ్లాడు. రెండు గదుల ఇల్లు, రేకుల వరండా. స్వర్ణలత అతన్ని చూసి కంగారుపడి, కుర్చీ తుడిచి వేసింది. బాలరాజు డ్యూటీకి పోయాడంది. టీ పెట్టింది. కొత్త కళ్లద్దాల వెనక ఆమె మొహం వయసు పైబడినట్టు ఉంది.

"కళ్లకేమైందమ్మా?"

"ఏం లేదన్నా. ఆ దినం నేను కొట్టినయన్నీ తప్పులొచ్చినయి గద. నాకేమో మంచిగ కనిపిస్తుండె. కండ్లే ఖరాబైనయేమో అని దవాఖానాల చూపించుకున్న. వాళ్లు జర నంబర్ ఉందని అద్దాలిచ్చిన్రు. ముందుగాలనే చూపించుకునుంటే మీకు గంత తలవంపులు రాకపోవు."

త్రిమూర్తులు టీ గ్లాసు కింద పెట్టాడు. చెప్పడానికి నోరు తెరిచాడు. "మళ్లీ పనికి వస్తావేమో అడుగుదామని వచ్చానమ్మా," అన్నాడు.

"వద్దన్నా. నాకు భయం. మల్ల ఏదో ఒకటి చేస్త, మీ పేరు ఖరాబైతది. లాప్‌టాప్ గూడ మా చెల్లెకిచ్చేసిన." ఆమె కళ్లు చెమర్చాయి. "మీరు ఇంత దూరం వచ్చి అడిగిన్రు. మీ మనసు మంచిది కాబట్టి అడిగిన్రు."

ఆ మాట విన్నాక అతను కూర్చోలేకపోయాడు. పనుందని లేచి వచ్చేశాడు. ఇంటికి రాగానే పద్మావతి ఎక్కడికెళ్లారని అడిగింది. వరండాలో చెప్పులు విప్పుతూనే అంతా చెప్పేశాడు. పండితుడి ముందు తను అన్న మాట దగ్గర్నుంచి, ఇవాళ తాగిన టీ దాకా. పద్మావతి అంతా విని, "తనకి కళ్లు పోయాయనుకుని ఆ పిల్ల అద్దాలు పెట్టుకుని తిరుగుతోంది. మీరు ఎదురుగా కూచుని మనసు మంచిదనిపించుకుని వచ్చారు," అని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లాడు. ఈసారి బాలరాజు ఇంట్లోనే ఉన్నాడు. త్రిమూర్తులు కుర్చీలో కూర్చోలేదు. సంచీలోంచి రెండు కాగితాలు తీశాడు. స్వర్ణలత ఫైల్లోని ఒకే పేజీ, ఒకటి వత్తులు విడిపోయి, ఒకటి సరిగ్గా.

"ఇవి రెండూ నువ్వు పంపిన ఫైలేనమ్మా. నువ్వు కొట్టింది ఇది," అని సరైన కాగితం ముందుకి జరిపాడు. "ఇంకోటి నా కంప్యూటర్ చేసిన పని. అందులో అక్షరాలు కలిపేది ఒకటుంటుంది, దాన్ని ఎప్పుడో నేనే ఆపేశాను. నీ తప్పేం లేదు. నీ కళ్లూ బాగానే ఉన్నాయి, నీ తెలుగూ బాగానే ఉంది. తప్పంతా నాది."

స్వర్ణలత రెండు కాగితాలూ తీసుకుంది. ముందు అద్దాలతో చూసింది. తర్వాత అద్దాలు నుదుటి మీదికి నెట్టి మళ్లీ చూసింది. వేలు పెట్టి ఒక వరస పూర్తిగా చదివింది.

"మీకు ఇది ఎన్నడు తెల్సింది?" అంది.

"మొన్నీమధ్యనే. ఒక టీచరమ్మ ఫైలు తెస్తే..."

"పోయిన ఐతారం మీరొచ్చిన్రు గద. అప్పటికి తెలుసా?"

త్రిమూర్తులు అబద్ధం చెప్పొచ్చు. ఆ క్షణాన అదెంత తేలికో అతనికి తెలుసు. "తెలుసమ్మా," అన్నాడు.

ఆమె మొహం మారిపోయింది. అంతదాకా కన్నీళ్లు వస్తాయేమో అన్నట్టున్న కళ్లు ఒక్కసారి ఆరిపోయాయి.

"తెల్సి గూడ ఛాయ్ తాగి పోయిన్రు. నా కండ్లు ఖరాబైనయని చెప్తుంటె ఇన్నరు. మీ మనసు మంచిదని అన్న, అది గూడ ఇన్నరు."

బాలరాజు లేచాడు. "ఏందన్నా ఇది? ఆమె ఎన్ని దినాలు ఏడ్చిందో మీకు తెలుసా? అన్నం తినలే. నాకు సదువు రాదు, నాకేం తెల్వదు అని ఒకటే మాట. నేను గూడ అదే అనుకున్న. నీకెందుకు పోనీ, కంపెనీల చేరు అని నేనే తోల్కపోయి చేర్పించిన. మీరేమో..." మాట పూర్తి కాలేదు. కోపం ఎవరిమీదో అతనికే తెలియనట్టు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదమ్మా," అన్నాడు త్రిమూర్తులు.

"అడగకుండ్రి," అంది స్వర్ణలత. "ఆ పంతులు సార్‌కు చెప్పిన్రా?"

"ఇంకా లేదు."

"ఆయన నన్ను అందరి ముందర అన్నడు. మీరు నా ఇంట్లకొచ్చి నాకు చెప్తె ఏమొస్తది? ఆయనకు చెప్పుండ్రి. నా ముందరనే చెప్పుండ్రి."

ఆ సాయంత్రమే ముగ్గురూ చిల్కానగర్ వెళ్లారు. త్రిమూర్తులు తన బండి మీద ముందు, వెనక బాలరాజు బండి మీద స్వర్ణలత. దారి పొడుగునా అద్దంలో వాళ్ల బండి కనిపిస్తూనే ఉంది. ఆయన ఇంట్లో లేకపోతే బాగుండునని ఒకసారి అనిపించింది. అనిపించినందుకు తనని తాను తిట్టుకున్నాడు.

రామ్మోహనరావు గారు ఇంట్లోనే ఉన్నారు. మొక్కలకి నీళ్లు పోస్తున్నారు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ సాదరంగా లోపలికి పిలిచారు. త్రిమూర్తులు, "ఈవిడ స్వర్ణలత అండి," అన్నాడు.

పండితుడు నవ్వుతూ నమస్కారం పెట్టారు. "ఎవరి తాలూకు?"

ఆయనకి గుర్తులేదు.

త్రిమూర్తులు దీనికి సిద్ధపడి రాలేదు. ఆయన కోప్పడతారు, ఆశ్చర్యపోతారు అనుకున్నాడు గానీ అసలు గుర్తే ఉండదనుకోలేదు. స్వర్ణలత వైపు చూడలేకపోయాడు. ఇప్పుడు ఆయనకి గుర్తుచేయాలి. గుర్తుచేయాలంటే ఆ రోజు అన్న మాటలన్నీ మళ్లీ అనాలి.

"సంచిక మొదటి ప్రూఫులో వత్తులు విడిపోయాయని మీరు కాగితాలు పట్టుకొచ్చారండి. నేను కొట్టింది కాదన్నానండి. బయట ఒకావిడకిచ్చాను, ఊరి బళ్లో చదువుకుంది, వత్తులు తెలియవు ఆవిడకి, అన్నానండి. అప్పుడే ఈవిడ వచ్చింది. మీరు ఈవిడని, వత్తులు రాని వాళ్లకి అచ్చుపని దేనికి, కూరగాయలు అమ్ముకోరాదూ అన్నారండి."

ఒక్కో మాటా రాయి మోసినట్టుంది అతనికి. ఆ రోజు తను అన్న మాట గుమ్మంలోకి వచ్చిన స్వర్ణలత విన్నదో లేదో అన్న అనుమానం అతనికి ఇన్నాళ్లూ ఉండేది. ఇప్పుడా దాపరికం కూడా లేదు. రెండు కాగితాలూ ఆయన ముందు పెట్టి, ఏది ఎలా జరిగిందో చెప్పాడు. తప్పు తన కంప్యూటరుది, తన చేతిది అని చెప్పాడు. ఆవిడ పంపిన దాంట్లో దోషం లేదని చెప్పాడు.

"అయ్యయ్యో," అన్నారు రామ్మోహనరావు గారు. "అంతేనా? ఎప్పటి మాటో కదయ్యా అది. దానికోసం పాపం ఇంతమంది..."

"మీకు యాదికి లేదు సార్," అంది స్వర్ణలత. గొంతు గట్టిగా లేదు, వణకనూ లేదు. "నాకు ప్రతి మాట యాదికుంది. నేను ఆ దినం నుంచి ఒక్క అక్షరం కొట్టలేదు. దుకాణాల బోర్డులు గూడ చదువుడు బంద్ పెట్టిన."

పండితుడి చేతిలోని తువ్వాలు కదలడం ఆగిపోయింది. ఆయన ఆ కాగితాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివారు. ఎన్నో ఏళ్లు పిల్లల రాతలు దిద్దిన మనిషి, ఎక్కడా ఆగకుండా చివరిదాకా చదివి కిందపెట్టారు.

"బాగా కొట్టావమ్మా," అన్నారు. స్వర్ణలత వైపు తిరిగి, "నేను అనకూడని మాట అన్నాను. అన్నది మర్చిపోవడం ఇంకా పెద్ద తప్పు. పొరపాటైంది తల్లీ," అన్నారు.

స్వర్ణలత తలూపింది. కూర్చోమంటే కూర్చోలేదు. గేటు బయటికి వచ్చాక త్రిమూర్తులు, "అమ్మా, దుకాణానికి కొత్త కంప్యూటరు కొంటాను. నీకు కావలసినట్టు పెట్టుకో. రేపట్నుంచే రా," అన్నాడు. ఆ మాటతో కాస్త బరువు దిగుతుందని ఆశ.

"రాను సార్," అంది ఆమె.

ఎప్పుడూ అన్నా అని పిలిచేది. ఆ పిలుపు మారడం బాలరాజు కూడా గమనించాడు. బండి స్టార్టు చెయ్యబోయి ఆగి, ఆమె మొహంలోకి చూశాడు. ఆమె వెనక ఎక్కింది. కాగితాలు రెండూ ఆమె చేతిలోనే ఉన్నాయి. త్రిమూర్తులు అడగలేదు.

ఆమె చెల్లెలి దగ్గర్నుంచి లాప్‌టాప్ తెచ్చుకుందని తర్వాత పద్మావతి ద్వారా తెలిసింది. వెంటనే ఏమీ కొట్టలేదట. కొన్నాళ్లు ఊరికే ముందు పెట్టుకుని కూర్చునేదట. పద్మావతి వీలున్నప్పుడల్లా నాచారం వెళ్లి వస్తోంది. అక్కడ ఏం మాట్లాడుకుంటారో త్రిమూర్తులుకి చెప్పదు. అతను అడగడు. దుకాణానికి తెలుగు కొట్టించుకోవడానికి ఎవరొచ్చినా, "నాచారంలో స్వర్ణలత గారని ఉన్నారండి, ఆవిడ నంబరిస్తాను, నేరుగా మాట్లాడుకోండి," అని చెప్పడం మొదలుపెట్టాడు. కొందరు వెళ్లారు, కొందరు పోలేదు. ధనశ్రీ టీచరు వెళ్లింది. రామ్మోహనరావు గారు తన వ్యాసాలు కొన్ని పంపించారని విన్నాడు. వాటిని ఆమె తీసుకుందో, తిప్పి పంపిందో అతనికి తెలియదు. ప్యాకింగు పని మాత్రం ఆమె ఇంకా మానలేదు. చేతిలో జీతం ఉంటేనే ఎవరికైనా కాదనే ధైర్యం ఉంటుందని బాలరాజుతో అన్నదట.

ఎడిటర్లో ఆ గడి ఇప్పుడు టిక్కు పెట్టే ఉంది. పాత ఫాంట్లు వాడినప్పుడు వత్తుల మధ్య ఎడం వస్తోంది. అతను ఒక్కొక్కటీ చేత్తో జరుపుకుంటాడు గానీ టిక్కు తియ్యడు. గిరాకీలు ఆలస్యమవుతోందని విసుక్కుంటారు. విననట్టు పని చేసుకుపోతాడు.

మొన్న ఒక మధ్యాహ్నం వాట్సాప్‌లో ఒక ఫైలు వచ్చింది, స్వర్ణలత నంబరు నుంచి. ధనశ్రీ వాళ్ల స్కూలు సంచిక. దాని వెనకే ఒక వాయిస్ మెసేజు. త్రిమూర్తులు గిరాకీలందర్నీ ఆగమని, తలుపు దగ్గరికి వెళ్లి, ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"సార్, టీచర్ మేడం మీ దగ్గరనే ప్రింట్ తియ్యమన్నది. మీరు ఓపెన్ చేసి, పేజీలెట్ల వచ్చినయో తెర మీద ఫొటోలు తీసి నాకు పంపుండ్రి. నేను చూసి సరే అన్నంకనే ప్రింట్ ఇయ్యుండ్రి. అప్పటిదాంక ఇయ్యకుండ్రి."

"అలాగేనమ్మా," అన్నాడు త్రిమూర్తులు పైకే, అది వాయిస్ మెసేజని మరిచిపోయి.

ఫైలు తెరిచాడు. వత్తులన్నీ కుదురుగా ఉన్నాయి. అయినా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కటీ వదలకుండా ఫొటోలు తీసి పంపించాడు. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. ఆమె చదువుతోంది కాబోలు. జిరాక్సు కోసం వచ్చినతను, "ఎంతసేపండీ?" అన్నాడు. త్రిమూర్తులు ప్రింటరు మీది కాగితాలు సర్ది, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఫోనుకేసి చూస్తూ కూర్చున్నాడు.